ముప్పై నాలుగో మేకు

కాస్త పేరొచ్చినవాళ్లను జనం అడిగే ప్రశ్నలు నాలుగే. ఎందుకు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, ఇంకా ఎన్నాళ్లు రాస్తారు అన్నవి మూడు. ఈ మూడోదాన్ని నన్ను మాత్రం కొంచెం ఆశగా అడుగుతారు. నాలుగోది, మీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటి అన్నది. నేను హాస్య రచయిత్రిని కాబట్టి జవాబు మొదలుపెట్టకముందే నవ్వడానికి సిద్ధంగా ఉంటారు, చివర్లో మర్యాదకు నవ్వుతారు. కానీ ఈ నాలుగో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు మాత్రం ఎక్కడా ఎప్పుడూ నన్ను చిన్నబుచ్చలేదు. వేదిక మీదైనా, కెమెరా ముందైనా అదే చెప్పాను. నాకు నాలుగేళ్లు నిండీ నిండని వయసు. నాచారంలో మా అద్దె గది గుమ్మంలో కూర్చుని ఉన్నాను. మెడ వెనక్కి వంచి, నుదుటి మీద ఒక గుండ్రటి ఇత్తడి బిళ్లను జారిపోకుండా నిలబెట్టుకున్నాను. అది నా సూర్యుడు. ఇంతలో పెద్ద మోత. నాన్న నా నుదుటి మీంచి సూర్యుణ్ని లాక్కుని, నన్ను భుజానికెత్తుకుని పరుగెత్తాడు. కంపెనీ గేటు దగ్గర ఒక మేకుకి దాన్ని తగిలించాడు. ‘అందరికీ సూర్యుడు పడమర అస్తమిస్తే, నాకు మొదటిసారి మేకు మీద అస్తమించాడు’ అనేదాన్ని. చప్పట్లు. అవి ఆగాక, ఆ రోజు నాన్న అరచేతి వాసన, మెషీన్ ఆయిలూ ఎర్రసబ్బూ కలిసిన వాసన, ఇప్పటికీ ముక్కుకు తగిలినట్టే ఉంటుందనేదాన్ని. ముందు వరసలో ఎవరో ఒకరు కళ్లు తుడుచుకునేవారు.

ఇన్నేళ్లూ ఇంత అందంగా చెప్పిన ఆ కథలో ఒక మనిషి చచ్చిపోయాడు. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. తెలిసింది వేరే అరలో ఉంది, చెప్పేది వేరే అరలో ఉంది. నా బుర్రలో అరలు ఎక్కువ, సరుకు తక్కువ అని అమ్మ ఊరికే అనలేదు.

మాది నాచారం, అమ్మది ఆచారం. కృష్ణా జిల్లా నుంచి మడిబట్టతో సహా వచ్చిన మనిషి, కంపెనీల మధ్య గల్లీలో ఒక్క గదిలో కాపురం పెట్టింది. కంపెనీ ప్రహరీకీ మా వాకిలికీ మధ్య ఎడ్లబండి పట్టేంత దారి. గాలివాటం మనిషి అంటే ఎక్కడైనా తిట్టు, మా ఇంట్లో దినచర్య. తూర్పు నుంచి గాలి తిరిగితే బిస్కెట్లు కాలుతున్న వాసన వచ్చేది. అమ్మ బట్టలు ఆరేసేది, వడియాలు పెట్టేది, నన్ను బయటికి వదిలేది. ఉత్తరం నుంచి తిరిగితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. బట్టలు లోపలికి, నేను లోపలికి, కిటికీకి గోనెపట్టా. ఆ వాసన మా నాన్న పనిచేసే కంపెనీది. ఏవో మందులకు కావలసిన మందులు చేసేవారట. రెండు మూడు రోజులు గాలి అటువైపే నిలబడితే అమ్మ వెండి పట్టీలు నల్లబడేవి. చింతపండుతో తోమి తోమి, ‘ఇది వెండి కాబట్టి నలుపు కనపడుతోంది, మన ఊపిరితిత్తులు తోముకోవడానికి చింతపండు ఏది?’ అనేది. నాన్న నవ్వేవాడు. ‘వాసన వస్తున్నంతసేపు భయం లేదే. ఆ గ్యాసు ముదిరితే ముక్కు మొద్దుబారిపోతుంది. ఉన్నట్టుండి వాసన ఆగిపోయిందనుకో, అప్పుడు పరుగెత్తాలి’ అనేవాడు. ఇంతకన్నా భయంకరమైన మాట నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా ఇంట్లో అది అన్నాలప్పటి మాట.

మాకు గడియారం లేదు, సైరన్ ఉంది. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి. గల్లీలో ఆడవాళ్లంతా దానికే ఎసరు పెట్టేవారు, దానికే పిల్లలకు తలంటేవారు. రెండు గంటల సైరన్ కాగానే అమ్మ కంచం పెట్టేది. నేను గుమ్మంలో చేయి చాచి కూర్చునేదాన్ని. ఎందుకంటే నాన్న వస్తూ నాకు బిళ్ల తెచ్చేవాడు.

ఆ బిళ్ల సంగతి చెప్పాలి. కంపెనీ గేటు పక్కన టైంకీపర్ గది, గది గోడకు ఒక చెక్క బోర్డు, బోర్డు నిండా మేకులు, ప్రతి మేకు కింద ఒక నంబరు. మనిషి బయట ఉంటే అతని బిళ్ల మేకు మీద ఉంటుంది. డ్యూటీ ఎక్కేటప్పుడు బిళ్ల తీసి జేబులో వేసుకుంటాడు, దిగేటప్పుడు మళ్లీ తగిలిస్తాడు. ఖాళీ మేకు అంటే లోపల ఒక మనిషి ఉన్నట్టు. ఇంతకన్నా తేలికైన లెక్క ఉండదు. మా నాన్నది ముప్పై నాలుగు. నేను నేర్చుకున్న మొదటి అంకెలు అవే, అందుకేనేమో ఒకటీ రెండూ నాకు ఎప్పటికీ సరిగ్గా పట్టుబడలేదు.

బిళ్ల గేటు దాటకూడదు. దాటితే ఉద్యోగం పోతుంది. కానీ ఒకసారి నాన్న మరిచిపోయి జేబులో వేసుకుని వచ్చాడట, నేను చూశాను, వదల్లేదు. మర్నాడు తేకపోతే అన్నం తిననని నేల మీద పొర్లాను. ఆనాటి నుంచి షిఫ్టు దిగే గుంపులో కలిసిపోయి, తగిలించినట్టు చేయి పైకెత్తి, బిళ్లను గుప్పిట్లోనే ఉంచుకుని వచ్చేసేవాడు. మర్నాడు దాంతోనే లోపలికి వెళ్లేవాడు. ఖాళీ మేకు ఎవరి కంటైనా పడితే, ఓటీకి, అంటే ఓవర్‌టైముకు, ఉన్నాడులే అనుకునేవారు. ఒక ముప్పై ఏళ్ల ఫిట్టరు తన కూతురి ఏడుపు ఆపడానికి రోజూ కంపెనీ లెక్కల్లో లోపలే ఉండిపోయేవాడు. ఈ వాక్యం నేను చాలా సభల్లో చెప్పాను. ముద్దుగా ఉందని అందరూ అన్నారు.

మా పక్క గది మల్లేశం మామది. జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. మా నాన్నను ‘బావ’ అనేవాడు, వాళ్లావిడ యాదమ్మ ‘అన్నా’ అనేది, దాంతో ఆమె నాకు అత్త అయింది. ఆయన కూడా అదే కంపెనీ, కానీ సెక్షన్ వేరు, షిఫ్టు వేరు. మా నాన్న దిగేసరికి ఆయన ఎక్కేవాడు. పోతూ పోతూ నా ముందు గొంతుక్కూర్చుని, ‘ఏందే చిట్టీ, పొద్దుని నెత్తిమీద వెట్టుకొని కూసున్నవ్? జర నాకూ ఇయ్యరాదే, లోపల మస్తు చీకటున్నది’ అనేవాడు. నేను ఇచ్చేదాన్ని కాదు. ‘నీ అసుంటి పిసినారిని యాడ సూడలే. మీ బావకు నిన్నే జేసుకుంటడు మా అల్లుడు, ఇద్దరు గల్సి దునియ దోసుకుందురు’ అని నెత్తిన మొట్టి పోయేవాడు. ఆ వాక్యంలో వరసలేవీ కుదరవు. ఆయనకు వరసల కన్నా నవ్వు ముఖ్యం. నా వృత్తి ఆయన దగ్గరే మొదలైందేమో అనిపిస్తుంది.

ఆ రోజు ఆయన రోజూ కన్నా ముందే, నాన్నా బిళ్లా ఇంటికి చేరకముందే, మొట్టి వెళ్లిపోయాడు. తర్వాత నాన్న వచ్చి నాకు బిళ్ల ఇచ్చి, అన్నం తిని నడుం వాల్చాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎండ ఇంకా గోడ దిగలేదు. అప్పుడు మోగింది సైరన్. అమ్మ చేసిన పని తర్వాత ఎన్నోసార్లు తనే చెప్పుకుంది. చేటను పక్కన పెట్టి గబగబా స్టవ్ వెలిగించింది. ఎదురింటావిడ పిల్లను నిద్రలేపింది. సైరన్ అంటే పనికి పిలుపే కదా. ‘ఇదేంటే, ఇప్పుడే కదా రెండైంది, దీనికి మతిపోయిందా?’ అని అమ్మ అంటూండగానే నాన్న లేచి వాకిట్లోకి వచ్చాడు. ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. పొద్దుటి నుంచీ గాలి ఉత్తరమే. కానీ వాసన లేదు.

ఆ తర్వాతిది మీకు తెలుసు. బిళ్ల, భుజం, పరుగు, మేకు.

ఆ రోజు లోపలి నుంచి అందరూ వచ్చేశారు, మల్లేశం మామ తప్ప. వచ్చేశాడనీ, వచ్చి బిళ్ల కూడా తగిలించి మళ్లీ లోపలికి వెళ్లాడనీ తర్వాత తెలిసింది. ఆ సెక్షన్‌లో రబ్బరు బూట్లు తొడుక్కునేవారు, సొంత చెప్పులు తలుపు దగ్గర విడిచేవారు. ఆయన చెప్పుల పక్కనే దొరికాడు. అవి కొత్త చెప్పులు, అంతకు ముందు వారమే కొన్నవి. విచారణ అంటూ ఎవరో వచ్చారు, చూశారు, రాసుకున్నారు. కొత్త చెప్పుల కోసం వెనక్కి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని తేల్చారు. గల్లీ కూడా అదే తేల్చింది. అప్పటికి యాదమ్మ అత్త ఒళ్లో సుగుణకు మూడు నెలలు. ఆ పిల్ల బడికి వెళ్లే వయసు వచ్చేసరికి ‘చెప్పుల మల్లేశం బిడ్డ’ అయిపోయింది. బడిలో ఎవరి చెప్పులు పోయినా ముందు ఆమె సంచీ వెతికేవారట.

మేము ఆరు నెలల్లో నాచారం వదిలి ఉప్పల్ వచ్చేశాం. నాన్న కంపెనీ మానేసి నీళ్ల మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత నాలుగు గోడలు లేపాడు. ఆ గోడల్లో ఒక్క మేకు లేదు. క్యాలెండరు బల్ల మీద పడుకునేది. చొక్కాలు తలుపుల మీద వేలాడేవి. దేవుడి పటాలు గోడకు జారగిలబడి కూర్చునేవి, ఎక్కి ఎక్కి అలిసిపోయిన యాత్రికుల్లాగా. అమ్మ పోరితే, ‘గోడ పాడవుతుందే’ అనేవాడు. మోటార్ల కోసం రోజంతా సుత్తి పట్టుకునే మనిషికి గోడ మీద ఇంత జాలి ఏమిటని నేను ఒక వ్యాసమే రాశాను. నాన్న దాన్ని చదివి, మడిచి, నాకే ఇచ్చాడు.

ప్రతి ఆదివారం సైకిలు మీద మల్లాపూర్ వెళ్లి యాదమ్మ అత్త ఇంట్లో ఏది చెడితే అది బాగుచేసి వచ్చేవాడు. పంపు, ఫ్యాను, తలుపు గడియ. ఎంత సేపున్నా నిలబడే ఉండేవాడట. అక్కడ మంచినీళ్లు కూడా తాగేవాడు కాదట. నేను దాన్ని అమ్మ మడి అంటుకుందనుకున్నాను.

ఇక నేను చేసింది. నాకు పేరు తెచ్చిన మొదటి హాస్య కథలో చెప్పుల కోసం చచ్చిన మనిషి ఒకడున్నాడు. పేరు మార్చానని నా మనస్సాక్షికి చెప్పుకున్నాను. మార్చింది ఒక్క అక్షరం. ‘ఎవరు చెప్పినా వినలేదు, చెప్పులు పిలిస్తే పలికాడు’ అని రాశాను. ఆ ముక్క చాలామందికి కంఠతా వచ్చు. నాకు శాలువాలు కప్పినవాళ్లలో చాలామంది దాన్నే చెప్పి కప్పారు.

పోయిన నెల సుగుణ ఉప్పల్‌లో మా ఫ్లాటుకు వచ్చింది. ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. మెట్రో దిగి నడుచుకుంటూ వచ్చానంది. కుర్చీ అంచు మీద కూర్చుని చాలాసేపు గోడ కేసి చూసింది. అక్కడ నాన్న ఫొటో ఉంది. ఆయన పోయాక నేను కార్పెంటర్‌ని పిలిచి కొట్టించిన మేకుకి వేలాడుతోంది.

‘వదినా, నీ ఇంటర్వ్యూ అమ్మకు ఫోన్ల చూపెట్టిన. గదే, బిళ్ల ముచ్చట.’

‘నచ్చిందా అత్తకి?’ అన్నాను. అలవాటు.

‘మూడుసార్లు పెట్టించుకున్నది. తర్వాత రెండు దినాలు మాట్లాడలే.’ సుగుణ గొంతు పెరగలేదు. ‘వదినా, ఒక్కటి జెప్పు. సైరన్ మోగినంకనే మీ నాయిన నీ దగ్గర బిళ్ల గుంజుకున్నడు అన్నవ్. తీస్కపోయి మేకుకు తగిలించిండన్నవ్. నీ నోటితోనే అన్నవ్ గదా?’

‘అన్నాను.’

‘మరి అప్పటిదాక ఆ మేకు ఖాళీనే గద?’

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. నేను ఉలిక్కిపడ్డాను. సుగుణ ఉలిక్కిపడలేదు.

ఆమె చెప్పింది ఇదీ. మల్లేశం మామ చనిపోయిన పదో రోజున ఒక ముసలి కార్మికుడు యాదమ్మ అత్త దగ్గరికి వచ్చాడట. టైంకీపర్ బోర్డు చూసి ‘ముప్పై నాలుగు రాలేదు’ అని కేకేస్తే పక్కనున్న మల్లేశం, ‘అయ్యో, మా బావ ఓటీకి ఆగిండు’ అని ఉరికాడని, తను చెవులారా విన్నానని చెప్పాడట. అత్త మా నాన్నను అడిగింది. ‘అన్నా, నీ కోసం పోయిండా?’ అని. నాన్న, ‘నేను ఇంట్లో ఉన్నానమ్మా. నా బిళ్ల మేకు మీదే ఉంది, అందరూ చూశారు’ అన్నాడు. నిజమే, విచారణకు వచ్చినవాళ్లు చూసేసరికి ముప్పై నాలుగు మేకు మీదే ఉంది. టైంకీపర్ తన కళ్లనే అనుమానించాడో, ఉద్యోగానికి భయపడ్డాడో, నోరెత్తలేదు. ముసలాయన మాట గాలికి పోయింది. చెప్పుల మాట మిగిలింది.

‘మా అమ్మ నలభై ఏండ్ల సంది ఆ ముసలాయిన అబద్ధమాడిండనుకున్నది వదినా. నువ్వు అబద్ధమాడవు గద. రేపు రా. నిన్నొక మాట అడుగుతదట.’

ఆ రాత్రి గోడ మీది ఫొటో నాకేసి చూడలేదు. ఫొటోలు చూడవని నాకూ తెలుసు. అయినా నేను దాన్ని దించి బల్ల మీద పెట్టాను. మేకు ఖాళీగా నిలబడింది.

మర్నాడు మల్లాపూర్ వెళుతూ నాచారం మీదుగా పొమ్మన్నాను ఆటో అతన్ని. కంపెనీ ఉన్న చోట ఇప్పుడు పన్నెండు అంతస్తుల అపార్టుమెంట్లు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్‌లో నంబరు నొక్కి, లోపల ఎవరున్నారో, ఎవరు లేరో కనుక్కుంటున్నాడు. పనిమనుషుల మెడల్లో కార్డులు. ఒకావిడ బయటికి వస్తూ తన కార్డును గేటుకు ఆనించడం మరిచిపోతే, ‘ఓ అమ్మా, నువ్వింకా లోపలే ఉన్నట్టు చూపెడుతుంది’ అని వెనక్కి పిలిచాడు. ఆమె నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. బాల్కనీల్లో బట్టలు ఆరుతున్నాయి. వాసన ఏమీ లేదు. ఇక్కడి పిల్లల మొదటి జ్ఞాపకంలో ఏ వాసనా ఉండదు కాబోలు. నాకు అదే భయమేసింది. ఆటో అతన్ని తొందరగా పోనిమ్మన్నాను.

యాదమ్మ అత్త గడపలో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి, ‘రా బిడ్డా, కూసో. తెల్లవడ్డవు’ అంది. నా జుట్టు సంగతి. సుగుణ తెచ్చిన చాయ్ తాగేదాకా ఏమీ అడగలేదు. నా కథ ఊసు ఎత్తలేదు. చదివిందని మాత్రం సుగుణ ముందు రోజే చెప్పింది.

‘ఒక్కటే అడుగుత చిట్టీ. మేకు ఖాళీగున్నదని తెలిసింది, ఆయన చెప్పులకు వోలేదని తెలిసింది. గది చాలు. కని నాకు నిద్రవడ్తలేదు. మీరు గేటు కాడికి వచ్చేటాల్లకు ఆయన లోపటికి వోయిండా? ఇంకా పోలేదా?’

ఇన్ని వేదికల మీద ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. పోయాడు అత్తా అంటే అయిపోయేది. నాలుగేళ్ల పిల్లకేం గుర్తుంటుంది అన్నా అయిపోయేది. నోరు తెరిచాను. అప్పుడు వచ్చింది ఆ వాసన. మెషీన్ ఆయిలు, ఎర్రసబ్బు. నేను అంతమందికి చెప్పుకుని మురిసిపోయిన వాసన. భుజం మీదున్న పిల్లకు తండ్రి అరచెయ్యి ముక్కుకు ఆనేంత దగ్గరగా ఎందుకొస్తుంది?

చెప్పాను. గేటు దగ్గర జనం అంతా రోడ్డు వైపు తోసుకుంటున్నారు. ఒక్క వీపు మాత్రం అటు పోతోంది. ఆకుపచ్చ గళ్ల చొక్కా, మోకాళ్ల దాకా నల్ల బూట్లు. మామ. ఇంకా తలుపు చేరలేదు. నేను ‘మామా’ అన్నాను. సగమే అన్నాను. నాన్న చెయ్యి నా నోరు మూసేసింది. రెండో చేత్తో తన బిళ్ల తగిలించాడు. ఎవరూ చూడకుండా తగిలించడమే ఆయన గోల. అటు పోతున్నది ఎవరో, ఎవరి కోసమో ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. చెయ్యి తీసేసరికి అక్కడ వీపు లేదు.

అత్త చేతిలోని గింజను పక్కన పెట్టింది. సుగుణ గోడవైపు తిరిగింది.

‘అందుకేనా,’ అంది అత్త, ‘మా ఇంట్ల మంచినీళ్లు గూడ తాగకపోతుండె.’ తర్వాత, ‘మీ నాయిన గూడ ఆ మేకుకే వేలాడిండు లే, బతికినన్ని దినాలు’ అంది. క్షమించిందో లేదో ఆ గొంతులో నాకు దొరకలేదు. అడిగే హక్కూ లేదు.

నేను లేచేటప్పుడు చెయ్యి పట్టుకుంది. చింతపండు జిగట.

‘ఇది గూడ చెప్తవా బిడ్డా, స్టేజి మీద?’

‘చెప్తాను అత్తా.’

‘చప్పట్లు కొడ్తరా?’

నేను గడప దిగాను, అత్త చెయ్యి వదల్లేదు.

‘కొట్టకుంట చెప్పు. పేరు వెట్టి చెప్పు. అచ్చరం మార్చకు.’

ఆయన పేరు మల్లేశం. బిళ్ల నంబరు నలభై ఒకటి. ఆయన బయటికి వచ్చి దాన్ని తన మేకుకి తగిలించాడు. తర్వాత మా నాన్నను వెతకడానికి లోపలికి వెళ్లాడు. మా నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. నేను ఆయన భుజం మీద ఉన్నాను.